గడియ లేని తలుపు

2041 జూన్ 14, ఉదయం 10:50. ఆరో తరగతిలో చేరిన రెండో రోజు లిఖిత హైస్కూలు మరుగుదొడ్డి దాకా వెళ్లి, తలుపుకి గడియ లేదని ఆగిపోయింది. నిన్నా ఇలాగే ఆగి, ఇంటికెళ్లేదాకా బిగబట్టుకుంది.

కొత్తపిల్లలు బెదరకూడదని ప్రభుత్వం ఒక్కొక్కరి చెవికి ఒక యంత్రం అక్కను తగిలించింది. తప్పుడు సలహాలిస్తారని నిజం సీనియర్లను కొత్తపిల్లలతో మాట్లాడొద్దంది.

"అక్కా, గడియ లేదు," అంది లిఖిత.

"భయాన్ని బయటికి చెప్పావు, శభాష్! ఇప్పుడు మూడుసార్లు గట్టిగా ఊపిరి పీల్చు," అంది చెవిలోని అక్క.

లిఖిత అక్కడే నిలబడి ఒకసారి పీల్చింది. బిగబట్టుకున్నది ఆగేలా లేక రెండోసారి పీల్చలేకపోయింది.

అటుగా వస్తున్న పదో తరగతి జయప్రద చూసింది. "ఏమే, ఎంతసేపు నిలబడతావ్? లోపలికి పో. తలుపు నే పట్టుకుంటాగా."

"మా చెవిలో అక్క మీ మీద చెప్పేస్తుందక్కా."

"చెప్పుకోనీ. తలుపు పట్టుకోడానికి దానికి చేతులున్నాయేంటి?"

11:15కు, అనుమతి లేకుండా సలహా ఇచ్చినందుకు జయప్రదకు మెమో అందింది. గడియ గురించి ఎవరికీ అందలేదు.

మధ్యాహ్నం 3:10 ఇంటర్వెల్లో లిఖిత ఇంకో కొత్తపిల్లకు తలుపు పట్టుకుంది.