కిటికీలో కొబ్బరిచెట్టు

“ఏం డిలీట్ చేసినావో సరిగ్గా చెప్పు” అన్నాడు ఫోన్లో జడ్సన్. నెల్లూరులో ఆల్బమ్‌లు ప్రింటు చేసే స్నేహితుడు.

ఫ్రెడ్డీ మౌస్ వదిలేసి కంప్యూటరు వైపు చూశాడు. ఎదురుగా తెర మీద హెబ్రోను అనే కుర్రాడి పెళ్లి ఫోటోలు. వారం రోజులు కూర్చుని ఒక్కొక్కటీ తీర్చిదిద్దినవి. నిన్నటిదాకా మెరిసిపోయినవి ఇప్పుడు కెమెరాలోంచి దిగినప్పటిలాగే నల్లగా, చెమటలు కారే మొహాలతో, కొన్ని ఓ పక్కకి ఒరిగి ఉన్నాయి. ఆల్బమ్‌కి ఫోటోలు ఎంచుకోవడానికి వస్తున్నామని పెళ్లివాళ్లు అప్పుడే ఫోన్ చేశారు.

“డిస్కు నిండిపోయిందని ఎర్రగీత చూపిస్తా ఉండింది. క్యాష్ ఫైళ్లు తీసేస్తే ఖాళీ అవుతుందని ఏదో వీడియోలో చెప్పినారు. తీరా చూస్తే ఆ క్యాష్ ఫోల్డరు కొండంత ఉంది. దాన్ని ముట్టుకుంటే ఏం కొంప మునుగుతుందో అని భయమేసింది. ప్రతి ఫోటో పక్కనా అదే పేరుతో బుల్లి ఫైలు ఒకటి కనబడింది. చెత్త అనుకుని అవన్నీ తీసేసినా.”

“ఆ కొండంతది తీసేసినా ఏమీ కాదు. ఫోటోలు తొందరగా చూపించేదానికి సాఫ్ట్‌వేర్ దాచుకునే నకళ్లు అవి. పోతే మళ్లీ అదే చేసుకుంటుంది. నీ ఎడిటింగంతా ఉండేది ఆ బుల్లి ఫైళ్లలోనే. అసలు ఫోటోని సాఫ్ట్‌వేర్ ముట్టుకోదు. ఇక్కడ వెలుగు పెంచు, అక్కడ మచ్చ తీయి అని పక్కన రాసి పెట్టుకుంటుంది, అంతే.”

“అంటే?”

“పొట్టు అట్నే పెట్టుకుని బియ్యం పారబోసినావు. తీసేసినవి పడే రీసైకిల్ బిన్‌లో ఉంటాయేమో చూడు.”

“అదీ ఖాళీ చేసినా.”

“దాన్నెందుకు?”

“శుభ్రంగా ఉంటుందని.”

జడ్సన్ ఇక ప్రార్థన చేసుకోమని చెప్పి పెట్టేశాడు.

ఇంత ఘనకార్యం చేస్తే డిస్కులో ఎంత చోటు మిగిలిందో చూశాడు ఫ్రెడ్డీ. ఇంకొక్క ఫోటో పట్టేంత కూడా మిగల్లేదు.

ఇందుకూరుపేటలో ‘ఫ్రెడ్డీ డిజిటల్స్’ బోర్డు కింద ‘కంప్యూటర్ నిపుణులు’ అని రాయించింది అతనే. ‘ఫోటోగ్రాఫర్ అంటే చాలదా అన్నా’ అని పెయింటరు అడిగితే కోప్పడ్డాడు కూడా. ఆ నిపుణుణ్ని బోర్డు మీద నుంచి దింపి మైపాడు తీసుకెళ్లి సముద్రంలో కలిపి రావాలనిపించింది. అంతలో గుమ్మంలో ఆటో ఆగింది. హెబ్రోను తల్లి ఎలిశబెతమ్మ దిగింది. ఆమె వెనకే కొత్త కోడలు సాయిలక్ష్మి.

“కరెంటు లేదక్కా” అనబోయి, నెత్తి మీద గిర్రున తిరుగుతున్న ఫ్యాను చూసి ఆగిపోయాడు.

ఎలిశబెతమ్మ కుర్చీ లాక్కుని తెర ముందు కూర్చుంది. మొదటి ఫోటోకే ముఖం చిట్లించింది.

“ఏంది ఫ్రెడ్డీ, నా మొహం ఇట్టుంది? మొన్న ఫోన్‌కి పంపినదాంట్లో బాగుండినానే.”

“అది నేను చేసిన మొహం అక్కా. ఇది నీ మొహం” అన్నాడు ఫ్రెడ్డీ. నోరు కూడా తన మాట వినే స్థితిలో లేదని అతనికి అప్పుడు అర్థమైంది. ఇక దాచి లాభం లేదని జరిగిందంతా చెప్పేశాడు. “చేసిందంతా నా చేత్తో నేనే చెరుపుకున్నా. వారం టైమియ్యి, మళ్లీ చేసిస్తా.”

“మా చెల్లెలు కూతురి పెళ్లికి కూడా నిన్నే పెట్టుకోమని చెప్పినానే. ఇప్పుడు దానికేం చెప్పేది?” అంది ఎలిశబెతమ్మ.

ఫ్రెడ్డీ తల వంచుకుని మౌస్ నొక్కుతూ పోయాడు. నల్లటి పాస్టరుగారు. ఒరిగిన కేకు. కళ్లు మూసుకున్న హెబ్రోను.

“అన్నా, వెనక్కి పోనీయండి” అంది సాయిలక్ష్మి. వచ్చినప్పటినుంచి ఆ పిల్ల నోరు విప్పడం అదే మొదలు. “ప్రమాణాలు చెప్పే ఫోటో. ఆ కిటికీ పెద్దది చేయండి.”

“కిటికీలో మనిషా?” ఫ్రెడ్డీకి ప్రాణం కొంచెం లేచొచ్చింది. చెప్పుకోవడానికి ఆ ఒక్క గొప్పయినా మిగిలి ఉంది. “ఎవడో ఊరికే నిలబడి చూస్తా ఉండినాడమ్మా. ఉంగరాలప్పుడు, ప్రార్థనప్పుడు, ఏది చూసినా ఆ తలకాయే. అన్నిట్లో తుడిచేసి కొబ్బరిచెట్టు పెట్టినా. నిజం చెట్టుకంటే బాగా కుదిరింది. మళ్లీ పెట్టేస్తాలే.”

అంటూనే కిటికీని పెద్దది చేశాడు. బయట ఎండలో ఒక పెద్దాయన, రెండు చేతులతో ఊచలు పట్టుకుని లోపలికి చూస్తున్నాడు. తర్వాతి ఫోటోలో లోపల అందరూ ప్రార్థనకి తలలు వంచి ఉన్నారు. బయట ఆయనా వంచాడు. భుజం మీది తువ్వాలు కళ్లకి అడ్డం పెట్టుకుని ఉన్నాడు.

ఎలిశబెతమ్మ కళ్లజోడు సర్దుకుని తెర దగ్గరికి వంగింది. “మన సంఘం మనిషి కాదే. లోపల ఆడపెళ్లివాళ్ల వైపు కుర్చీలన్నీ ఖాళీగా ఉంటే, ఆ ఎండలో నిలబడ్డాడేంది?”

సాయిలక్ష్మి చీర కొంగుతో తెర మీద, ఆ కిటికీ ఉన్నంత మేర దుమ్ము తుడిచింది.

“మా నాయన అత్తమ్మా. చర్చి గడప తొక్కనని ఒట్టేసినాడు. తొక్కలేదు చూడండి.”