వెళ్ళొచ్చా? వద్దా?

ఆరో పొట్టిక్క ఇడ్లీ పనసాకు దొన్నెలోంచి కంచంలోకి జారేసరికి సాయిదుర్గాప్రసాద్ రెండు చేతులూ అడ్డం పెట్టాడు.

"ఇంక చాలండీ. నిన్న మధ్యాహ్నం భోజనమే ఇంకా అరగలేదు."

"ఆయ్, అలాగేనండీ," అంటూనే ఇంటావిడ భవానీదేవి గారు ఏడోది కూడా వేశారు. "మొహమాటపడితే ఎలాగ అన్నయ్యగారూ?"

ప్రసాద్ తిన్నాడు. వద్దనడంలో అతనికి ఎప్పుడూ పట్టుదల లేదు.

హైదరాబాదులో ఒక యాత్రల వెబ్‌సైటుకి అతను 'వెళ్ళొచ్చా? వద్దా?' అనే శీర్షిక రాస్తాడు. ఒక ప్రాంతం గురించి మంచి ఒక పక్కన, చెడ్డ ఒక పక్కన పెట్టి, చివర్లో తీర్పు చెబుతాడు. చదివేవాళ్ళు మూడు వందల మంది ఉంటారు. అందులో సగం అతని అత్తగారి వైపు వాళ్ళే. శీర్షిక పక్కన అతని ఫోటో తపాలా బిళ్ళంత పడుతుంది. అయినా ఎవరైనా గుర్తుపడతారేమోనని నల్లకళ్ళజోడు పెట్టుకునే రాజోలు బస్సెక్కాడు.

ఆ భయం మరీ ఉత్తిది కాదు. బస ఇచ్చినవాళ్ళకి రాసేది ఎవరో తెలిసిపోతే ఆ వ్యాసం వెయ్యరు. తన గొప్ప తనే చెప్పుకుని ఇప్పటికి రెండు వ్యాసాలు పోగొట్టుకున్నాడు. "మూడోది కూడా పోతే ఉద్యోగమే పోతుంది ప్రసాద్ గారూ," అని ఎడిటర్ నిర్మల నెమ్మదిగానే చెప్పింది. హోమ్‌స్టే కూడా తన పేరు మీదే బుక్ చేసింది. కొబ్బరితోటలో పెంకుటిల్లు అని గుర్తు చెప్పి పంపింది. ప్రసాద్ ఆటో దిగి, బోర్డేదీ కనబడకపోయేసరికి, అరుగు మీద పేపరు చదువుతున్న గోవిందరాజులు గారిని "ఇల్లు ఇదేనా అండీ?" అని అడిగాడు. "ఆయ్, ఇదేనండీ. ఎండన పడి వచ్చేరు, లోపలికి రండి," అంటూ ఆయన ప్రసాద్ చేతిలో సంచీ అందుకున్నారు.

టిఫిను కాగానే ప్రసాద్ గదిలోకెళ్ళి నోటుపుస్తకం తీశాడు. మంచి పక్కన పేజీ నిండింది. అంతర్వేది, ర్యాలి, అప్పనపల్లి గుళ్ళు, కాలవ గాలి, కొబ్బరినీళ్ళు, పనసపొట్టు కూర. చెడ్డ పక్కన ఎంత గింజుకున్నా మూడే వచ్చాయి. గది తలుపుకి గడియ లేదు. ఏం తింటారని అడగరు, పెట్టేస్తారు. చనువు మరీ ఎక్కువ, ఆయన బావగారూ అంటాడు, ఆవిడ అన్నయ్యగారూ అంటుంది.

మూడోది రాస్తూ చెయ్యి ఆగిపోయింది. డబ్బు తీసుకున్నవాళ్ళు ఎక్కడైనా ఇంత మర్యాద చేస్తారా? ఫ్యాను చప్పుడు చేస్తోందని రాత్రి నసిగితే ఇంటాయన తన గది ఇచ్చేసి అరుగు మీద పడుకున్నారు. వేడినీళ్ళు ఆలస్యమయ్యాయని గొణిగితే ఆవిడే బకెట్టు మోసుకొచ్చారు. పక్కింటి జీవరత్నం గారు అతన్ని తేరిపార చూసి గుసగుసగా ఏదో అడిగితే, గోవిందరాజులు గారు తరవాత చెబుతానన్నట్టు కళ్ళతో సైగ చేశారు. పైగా ఇంతవరకూ పేరు అడగలేదు, ఆధార్ కార్డు అడగలేదు. తెలిసినవాణ్ణి ఎవరడుగుతారు?

నిర్మలకి ఫోన్ చేశాడు.

"నన్ను గుర్తుపట్టేశారండీ."

"మిమ్మల్నా?" ఆవిడ గొంతులో నిజంగానే ఆశ్చర్యం.

"నన్నేనండీ."

"అయితే మొహమాటపడకుండా అడిగెయ్యండి. తెలుసన్నారంటే వచ్చెయ్యండి, వేరేవాళ్ళని పంపిస్తాను."

వేరేవాళ్ళంటే ఏమిటో అతనికి తెలుసు. అడక్కుండా ఊరుకుంటే ఉద్యోగం ఉంటుంది. కానీ ఉద్యోగం కంటే ఇంకోటి ఎక్కువ బాధపెట్టింది. ఆ బకెట్టూ, ఆ ఏడో పొట్టిక్కా, అన్నయ్యగారూ అన్న పిలుపూ, అన్నీ వ్యాసం కోసమేనా అనుకుంటే మనసు చివుక్కుమంది. సంచీ సర్దుకుని అరుగు మీదికి వచ్చాడు.

"ఒక్క మాట అడగాలండీ."

"కూర్చుని అడగండి బావగారూ," అన్నారు గోవిందరాజులు గారు. భవానీదేవి గారు చేతులు తుడుచుకుంటూ గుమ్మంలోకి వచ్చారు.

"నిన్నట్నించీ ఇంత మర్యాద చేస్తున్నారు. నేనెవరో మీకు తెలుసు కదా?"

"భలేవారే. తెలీకపోవడమేంటండీ?"

ప్రసాద్ సంచీ కింద పెట్టాడు. "ఎప్పుడు తెలిసింది?"

"గుమ్మంలో మా ఆవిడ తమర్ని పలకరించినప్పుడేనండీ."

"మరి తెలీనట్టు ఎందుకున్నారండీ? పేరు కూడా తెలిసే ఉంటుంది. పరవాలేదు, చెప్పెయ్యండి."

గోవిందరాజులు గారి నవ్వు కొంచెం సడలింది. పేపరు మడిచి పక్కన పెట్టి భార్య వైపు చూశారు.

"నన్ను చూస్తారేంటి?" అన్నారావిడ. "మీరే చెప్పండి."

ఆయన భార్యని చూసి, ప్రసాద్‌ని చూసి, మళ్ళీ భార్యనే చూశారు.

"ఈయన మీ పుట్టింటివాళ్ళు కాదా?"