ఈ ఏడు దీపం మీరు వదలండి

“వనభోజనాలకి కొండెక్కాలేటి? సబ్బవరంలో తోటలు లేవా?” అని దుర్గారావు అన్నం ముందు కూర్చున్నప్పట్నుంచీ సణుగుతూనే ఉన్నాడు.

“పోయినేడు మీరే గదా తీసికెళ్లారు. కొండల మజ్జిన సెరువు అద్దంలాగుంది అన్నారు,” అంది అనూరాధ చారు పోస్తూ.

“ఒకసారి సూసేసాం గదా. మళ్లీ అదే సెరువేటి?”

“నాకు నచ్చింది.”

మామూలుగానే అంది. దుర్గారావు చేతిలో ముద్ద మాత్రం నోటిదాకా వెళ్లి ఆగింది.

అక్కడ ఏం జరిగిందో ఇంట్లో అందరికీ తెలుసు. పోయిన కార్తీకంలో తాజంగి రిజర్వాయరు ఒడ్డున అనూరాధ అరటిదొప్పలో దీపం వెలిగించి, వంగి నీళ్లలోకి వదులుతూంటే, దుర్గారావు వెనకనుంచి తోసేశాడు. సరదాకి. మరిది వాసు వీడియో తీశాడు. నడుంలోతు నీళ్లలో చీర తేలిపోతూంటే లాక్కుంటూ, మింగిన నీళ్లు కక్కుతూ ఆమె ఒడ్డు పట్టుకుంది. పక్కన భోజనాలకొచ్చిన వాళ్లెవరో చప్పట్లు కొట్టారు. ఆ వీడియో చుట్టాల గ్రూపులోకి పాకింది. ఇప్పటికీ ఏ పెళ్లికెళ్లినా, “ఏటమ్మా, ఈత నేర్సుకున్నావా?” అని ఎవరో ఒకరు నవ్వుతూ పలకరిస్తారు.

“సరదాకి సేసిందాన్ని ఇంకా మనసులో ఎట్టుకున్నావేటి?” అన్నాడు దుర్గారావు.

“నానేటన్నాను? సెరువు కాడికెల్దాం అన్నాను.”

“ఎల్లాల్సిందేరా,” అంది తల్లి మంగాయమ్మ గుమ్మంలోంచి. “దీపం మునిగిపోనాది. అది మంచిది కాదు. ఆ నీళ్లలోనే మళ్లీ వదలాల. ముంచినోడివి నువ్వు, వదలాల్సిందీ నువ్వే.”

తల్లి చెవిలో ఈ మాట ఎవరు వేశారో దుర్గారావుకి తెలియదు. తల్లి మాట దాటే అలవాటూ లేదు. అనూరాధ మజ్జిగ గ్లాసు అతని ముందు పెట్టి, “ఈ ఏడు దీపం మీరు వదలండి,” అంది.

ఆదివారం జీపు లంబసింగి దాటేసరికి మంచు ఇంకా విడలేదు. చెరువు దగ్గర దిగగానే అందరూ పడవెక్కారు, దుర్గారావు తప్ప.

“రా అన్నయ్యా,” అన్నాడు వాసు.

“ఎండగా ఉందిరా.”

“ఈ మంచులో ఎండేటి?”

దుర్గారావు ఒక చెట్టు చూసుకుని, దానికి వీపు ఆనించి కూర్చున్నాడు. వాళ్లు తిరిగొచ్చేదాకా అక్కణ్నుంచి కదల్లేదు. అనూరాధ పడవలోంచి చెయ్యి ఊపింది. అతను ఊపలేదు.

ఇంటి దగ్గర్నుంచి తెచ్చిన ఉసిరికొమ్మ నేలలో గుచ్చి మంగాయమ్మ పూజ ముగించింది. అనూరాధ అరటిదొప్పలో ఒత్తి వెలిగించి మొగుడి చేతిలో పెట్టింది.

“వాసూ, ఫోను తియ్యి,” అంది.

దుర్గారావు దీపం మళ్లీ ఆమెకే ఇచ్చాడు. జేబులోంచి ఫోను, పర్సు తీశాడు. వాచీ విప్పాడు. అన్నీ కూతురు శ్రీసత్య చేతిలో పెట్టి, అప్పుడు దీపం తీసుకున్నాడు.

“నాన్నా, చెప్పులు కూడా ఇచ్చెయ్,” అంది శ్రీసత్య. వాసు పకపకా నవ్వాడు. దుర్గారావు చెప్పులు విప్పేశాడు.

ఒడ్డున కూర్చుని ఒక చేత్తో గడ్డి దుబ్బు గట్టిగా పట్టుకున్నాడు. రెండో చెయ్యి నీళ్లమీదికి చాచాడు. వెనకాల గాజుల చప్పుడు దగ్గరకొచ్చింది. అతని వీపుమీద అనూరాధ అరచెయ్యి పడింది.

దుర్గారావు కళ్లు మూసుకున్నాడు.

“ఒత్తి కొండెక్కిపోతాది. వదలండి,” అందామె.

వదిలాడు. దొప్ప ఒకసారి ఊగి, నిలదొక్కుకుని, మెల్లగా లోపలికి సాగిపోయింది. అనూరాధ అతని రెక్క పట్టుకుని పైకి లేపింది. అంతే.

“ఏటొదినా, నానేదో అనుకున్నాను,” అన్నాడు వాసు నిరాశగా ఫోను దించి.

దుర్గారావుకి ప్రాణం లేచొచ్చింది. పులిహోర రెండుసార్లు పెట్టించుకున్నాడు. పరమాన్నం గిన్నె దగ్గరికి లాక్కున్నాడు.

“ఉత్తినే భయపడ్డానే అమ్మా,” అన్నాడు నోటినిండా పెట్టుకుని. “నీ కోడలిది ఎన్నపూస మనసు. నా జీవితంలో ఇంత దడ ఎప్పుడూ పుట్టలేదు. రేత్రి నిద్ర కూడా పట్టలేదు తెలుసా?”

“తెలుసు. దొర్లతానే ఉన్నారు,” అంది అనూరాధ.

అందరూ నవ్వారు. దుర్గారావు అందరికంటే గట్టిగా నవ్వాడు.

విస్తళ్లు ఎత్తేశాక అనూరాధ చేతులు కడుక్కుని, కొంగుతో తుడుచుకుంటూ వచ్చి అత్తగారి పక్కన కూర్చుంది. గొంతు పెంచలేదు, కానీ అందరికీ వినిపించింది.

“అత్తా, దీపం వదిలినప్పుడు మొక్కుకున్నాను. ఐదేళ్లు. ప్రతి కార్తీకం ఇక్కడికే వచ్చి, ఇదే ఒడ్డున, ఈయన సేతే దీపం వదిలిస్తానని.”

“మంచి పని సేసావు,” అని మంగాయమ్మ చెరువుకి దణ్ణం పెట్టింది. “ఒరే దుర్గా, నీళ్లకాడ మొక్కిన మొక్కు. తప్పకూడదు.”

ఇంకా పరమాన్నం గిన్నె వదలని దుర్గారావు చెయ్యి అందులోనే ఉండిపోయింది.

“ఈయన వీపు ఎనకాల నానే నిలబడతాను,” అంది అనూరాధ, గిన్నెమీద మూత పెట్టడానికి అతని చెయ్యి నెమ్మదిగా పక్కకి తీస్తూ. “ఏ ఏడు తొయ్యాలన్నది ఇంకా అనుకోలేదు.”