ఎడమ చెవిలో మంచునీళ్ళు

“ఒక్కరే లోపలికి రండి,” అంది నర్సు అర్చన.

వరండాలో ఇద్దరు ఆడవాళ్ళూ లేచారు. విజయలక్ష్మి సగం లేచి మళ్ళీ గోడకు చేరగిలబడింది.

“నా వల్ల కాదు. నువ్వే పో రమణమ్మా. నీ కళ్ళతో నువ్వే చూడు.”

వెంకటరమణమ్మ చెప్పులు విప్పి లోపలికి వెళ్ళింది.

మంచం మీద సాయి కిరణ్. ఇరవై రెండేళ్ళవాడు. తల నిండా కట్టు. తెలివి తప్పినవాణ్ణి బొల్లాపల్లి నుంచి నరసరావుపేట తెచ్చి తొమ్మిది రోజులయింది. పిల్లాడు లేచేదాకా ఆసుపత్రిలో మనిషి ఉండి తీరాలని ఊళ్ళో పెద్దమనుషులు తేల్చారు. ఆ మనిషి తనే అవుతానంది వెంకటరమణమ్మ. వరండాలో కొంగు పరుచుకుని ఒరగడమే గాని నిద్రపోయింది లేదు. కోటప్పకొండ మెట్లు మోకాళ్ళ మీద ఎక్కుతానంది. పీర్ల చావిడికీ మొక్కింది.

డాక్టర్ అబ్దుల్ రహీమ్ లైటు వేసి చెవిలోకి చూశాడు.

“చెవి లోపల మనిషి తూలకుండా చూసే భాగం ఒకటుంటదమ్మా. మంచునీళ్ళు పోస్తే అది మెదడుకి కబురు పంపుద్ది. మెదడు అడుగుభాగం పనిచేస్తుంటే, నీళ్ళు పోసిన వైపుకి కళ్ళు తిరుగుతయ్.”

“తిరక్కపోతే ఏందయ్యా?”

ఆయన సిరంజి అందుకున్నాడు.

ముందు కుడి చెవి. అర్చన రెప్పలు పైకెత్తి పట్టుకుంది. నిమిషం గడిచింది. కళ్ళు ఉన్నచోటే ఉన్నాయి.

“ఐదు నిమిషాలాగి రెండోది చూద్దాం.”

వెంకటరమణమ్మ ఒక్కసారిగా వంగి ఆ పిల్లాడి పాదాలు పట్టుకుంది.

“నాయనా, ఒక్కసారి కదిలించయ్యా. నీకు పుణ్యముంటది. నువ్వు పోతే మా ఇంట్లో దీపం పెట్టే దిక్కుండదు.”

“పెద్దమ్మా, మంచం ఊపమాక,” అంది అర్చన మెల్లగా.

ఎడమ చెవిలో నీళ్ళు పడ్డాయి. చానాసేపు ఏమీ లేదు. అప్పుడు బరువుగా, నిద్రలో దొర్లినట్టు, రెండు కళ్ళూ ఎడమకు జరిగాయి.

డాక్టరు సిరంజి పక్కన పెట్టాడు. “ఇంకా గట్టెక్కలేదు గానీ, ఆశ పెట్టుకోవచ్చమ్మా. పోయి బయట ఆమెక్కూడా చెప్పు.”

వెంకటరమణమ్మ ఒక్క పరుగున బయటికొచ్చి, గోడవారన కూర్చున్న ఆ పిల్లాడి తల్లిని దాటుకుని పోయి, మెట్ల దగ్గర ఆగి ఫోనులో తన కొడుకుతో అంది: “కళ్ళు కదిలినయ్‌రా హర్షా, నువ్వు కొట్టిన దెబ్బకి వాడు చావడంట.”