లింగవ్వ చాట

"నువ్వు ఈ రోజే కన్నుమూస్తే దేవుడు నిన్ను పరలోకంలోకి ఎందుకు రానివ్వాలె అవ్వా?"

పాస్టరుగారు అలా అడగగానే లింగవ్వకు నవ్వొచ్చింది. బాప్తిస్మానికి పేరిచ్చిన ప్రతివాళ్లనూ ఆయన ముందుగా ఈ ప్రశ్నే అడుగుతాడు. ఇంత సులువైనది అడుగుతాడని ఆమె అనుకోలేదు.

"కార్ఖానల నా చాట ఎట్ల పాసైతదో గట్లనే అయ్యగారూ. ముప్పై ఏండ్ల సంది బీడీలు చుడుతున్న. ఒక్కటంటే ఒక్కటి తీసి పారెయ్యలే. నా బతుకు గూడ గంత సక్కగనే ఉన్నది."

పక్కన కూర్చున్న కోడలు శ్వేత తల వంచుకుంది. వంచుకోదా మరి! అత్తాకోడళ్లు ఒకే గడపలో కూర్చుని చుడతారు. అత్త చాట చూడకుండానే పాసవుతుంది, కోడలి చాటలో సగం బీడీలను కార్ఖానాలో రోజూ విరిచి మూలకు పడేస్తారు. కోరుట్లలో వాళ్ల వాడంతటికీ ఈ సంగతి తెలుసు. తెలియనివాళ్లకు లింగవ్వే చెబుతుంది.

పాస్టరుగారు ఓపిగ్గా చెప్పి చూశాడు. మన పనితనం చూసి ఆయన రానివ్వడు, కృప చూపి రానిస్తాడు అన్నాడు. లింగవ్వకు అది మింగుడు పడలేదు.

"గట్లయితే నేను, గీ చేతగాని పిల్ల ఒక్కటేనా?"

"ఒక్కటే అవ్వా."

ఆదివారం బాప్తిస్మం వద్దని, ఇంకొన్నాళ్లు ఆగుదామని ఆయన మెల్లగా అన్నాడు. ఆ రోజు కోసమని అప్పటికే కొత్త తెల్ల చీర కొని, మడత విప్పకుండా దాచుకుంది లింగవ్వ. ఆటోలో ఇంటికి వచ్చేదాకా ఆ కోపమంతా కోడలి మీదే తీర్చుకుంది. ఇద్దరికీ ఒకే పరలోకం అయితే మంచిగా చుట్టడం ఎందుకని సాధించింది.

మర్నాటికి శ్వేతకు ఒళ్లు కాలిపోయే జ్వరం. చాట ముట్టలేదు. అత్తకు మోకాళ్ల నొప్పులు మొదలైన రెండేళ్ల నుంచి ఇద్దరి చాటలూ కార్ఖానాకు మోసుకుపోయేది శ్వేతే. ఇవాళ లింగవ్వే తన చాట నెత్తికెత్తుకుంది. శ్వేత మంచం మీద నుంచి లేవబోయి, చెయ్యి పట్టుకుంది.

"వద్దు అత్తమ్మా. రేపు నేనే తీస్కపోత."

"ఎందుకు? నా చాటకు నీ జ్వరం అంటుతదా?" అని విదిలించుకుని పోయింది.

కార్ఖానాలో బీడీలు చూసే మొండయ్య ఒక కట్ట అందుకున్నాడు. వేళ్లతో నొక్కాడు. నాలుగు తీసి విరిచి మూలకు వేశాడు. రెండో కట్టలో పది పోయాయి. మూడో కట్టకు వచ్చేసరికి మూలన కుప్ప పెరుగుతూనే ఉంది. ఆదివారం బాప్తిస్మం పోయింది, ఇప్పుడు ఇది కూడానా అనుకుంది లింగవ్వ.

"తమ్మీ, నీకు కండ్లు మసకలైనయా?"

"నాకు మంచిగనే కనవడుతున్నది అక్కా. నీ చాట ఇంట్ల పెట్టి నీ కోడలిది తెచ్చినవేంది?"

"గిది నాదే. నా చేతులతోటే చుట్టిన."

మొండయ్య విరవబోయిన బీడీని ఆపి, ఆమె వైపు చూశాడు.

"రెండేండ్ల సంది నీ కోడలి పేరు మీద వచ్చేటివి గివే అక్కా. గిట్లనే వదులు చుట్టు, గిట్లనే వంకర కొసలు. గీ చెయ్యి నాకెరుకనే. నీ పేరు మీద ఇచ్చేటివి వేరే ఉంటయి. గవి ముత్యాల లెక్కుంటయి."

లింగవ్వ అక్కడే గోడకు ఆనుకుంది. ముందు సిగ్గేసింది. రెండేళ్లుగా తిట్టిన తిట్లన్నీ తిరిగి వచ్చి తనకే తగిలాయి. తర్వాత, ఎందుకో తెలియదు గానీ, మనసు దూదిలా తేలికైంది. మసకేసింది మొండయ్య కళ్లకు కాదు. పట్టు తప్పిన వేళ్లు తనవి. అయినా ఇన్నాళ్లూ తన పేరు చెడలేదు.

ఇంటికి రాగానే శ్వేత భయం భయంగా అడిగింది.

"ఎన్ని తీసేసిన్రు అత్తమ్మా?"

"సగం."

"కార్ఖానల మీ పేరు కొట్టేస్తమన్నరా?"

"కొట్టెయ్యలే. లేచి జావ తాగు బిడ్డా."

కోడలిని ఆమె బిడ్డా అనడం అదే మొదటిసారి. గ్లాసు చేతికిచ్చి, ఫోను తీసి పాస్టరుగారికి కలపమంది. అవతల హలో అనగానే లింగవ్వ సంతోషంగా అందుకుంది.

"అయ్యగారూ, ఒక్క ముచ్చట అడుగుత. యేసయ్య గూడ మా శ్వేత లెక్కనే చాటలు మార్చిండా?"