నాలుగు డబ్బాల దేవుళ్లు

మొదటి డబ్బా విప్పగానే రామస్వామి మేస్త్రీ గబుక్కున చెప్పులు విడిచాడు. తాపీ కింద పెట్టి, చేతులు కడుక్కుని వచ్చి ఆ డబ్బాకు దండం పెట్టాడు.

"ఏంది మేస్త్రీ, ఏమైంది?" అన్నాడు చంద్రయ్య.

"జర నువ్వే సూడన్నా."

చంద్రయ్య తొంగి చూశాడు. డబ్బాలోంచి శంఖచక్రాలతో వేంకటేశ్వరస్వామి చూస్తున్నాడు. రెండో డబ్బాలో సీతారాములు. మూడో దాంట్లో సత్యనారాయణస్వామి. నాలుగోది అన్నీ కలగలుపు. పూజగదులకూ, జనం ఆగి పాడుచేసే ప్రహరీ గోడలకూ అంటించే దేవుడి టైల్స్ అవి. దుకాణంలో చూపించింది మాత్రం నీలం పువ్వుల టైలు.

"బాత్రూంల దేవుళ్లనైతే నేను పెట్టనన్నా. పిల్లలు గలోన్ని," అన్నాడు మేస్త్రీ.

నాచారంలోని ఆ చిన్న ఫ్లాట్లో అప్పటికే బాత్రూమూ వంటిల్లూ రెండూ పగలగొట్టి ఉన్నాయి. స్నానానికి పక్కింటివాళ్లను బతిమాలుకుంటున్నారు. చేతిలో డబ్బు అంతంత మాత్రం. అందుకే ఉప్పల్‌లో భార్య దుర్గాభవాని వాళ్ల ఊరాయన దుకాణంలో మిగిలిపోయిన సరుకు సగం ధరకు తెచ్చాడు చంద్రయ్య. బాత్రూంకు పువ్వులవి, వంటింటికి తెల్లవి. చవగ్గా ఇస్తున్నాను గనుక వాపసు తీసుకోనని దుకాణాయన ముందే చెప్పాడు.

"మీ ఊరాయన నన్ను నిండ ముంచిండు!" అని చంద్రయ్య భార్య మీద ఎగిరాడు.

దుర్గాభవాని కొంగు నడుముకు దోపుకుని వచ్చి డబ్బాల్లోకి చూసింది. టపటపా చెంపలు వేసుకుంది.

"మా ఊరోళ్లను అనకు. మూత ఇప్పి సూసుకోకుండ ఆటోల ఏసుకొచ్చింది ఎవరు?"

ఆటోవాడు తొందరపెట్టిన మాట నిజమే గాని, ఆ మాట పెళ్లాం ముందు నిలవదు.

చంద్రయ్య పరుగున పోయి అపార్ట్‌మెంట్ సెక్రటరీ పరంధామయ్యను పట్టుకున్నాడు. ఊరికే ఇస్తాను, ప్రహరీకి అంటించుకోమన్నాడు.

"మన గోడకి ఖాళీ లేదండీ చంద్రయ్యగారూ. ఉన్న దేవుళ్లకే అగరొత్తులు వెలిగించలేక చస్తున్నాం," అన్నాడాయన.

పగలగొడదామంటే పాపం, పారేద్దామంటే అంతకన్నా పాపం.

"ఇగ ఒక్కటే దారన్నా," అన్నాడు మేస్త్రీ. "తెల్లయి బాత్రూంల పెడదం. దేవుళ్లను వంటింట్ల పెడదం. కొలత ఒక్కటే."

చంద్రయ్య ముఖం వాడిపోయింది. వాడదూ మరి! ఆదివారం ఆ వంటింట్లో ఉడికేది యాటకూర. తలకాయ, కాళ్లు, బోటి. చర్లపల్లి నుంచి తమ్ముడు జీవన్ పెళ్లాం పిల్లలతో దిగుతాడు. మేనత్త కొడుకులు దిగుతారు, వాళ్ల దోస్తులు కూడా దిగుతారు. మందుల కంపెనీలో ఆరు రోజులు ప్యాకింగ్ పని చేసే దుర్గాభవాని ఏడో రోజు వాళ్లందరికీ వండి పెడుతుంది. ఆమె చేతి కూర ఒకసారి తిన్నవాడు మళ్లీ రాకుండా ఉండలేడని చంద్రయ్యకు మహా గర్వం. వారమంతా ఆయన బతికేదే ఆ కూర కోసం.

"దేవుని ముంగట మటన్ ఎట్ల వండుతం?" అన్నాడు నీరసంగా.

"వండం. గట్ల కాదంటవా, బాత్రూంలనే పెట్టుకో. రేపు ఏమన్నయితే మాత్రం నన్ను అడగకు," అంది దుర్గాభవాని.

"పరదా కడదం."

"దేవుని కండ్లకు పరదా కడతవ్. ముక్కుకేం కడతవ్?"

"పోనీ, బాల్కనీల పొయ్యి పెడదం."

"బాల్కనీల తులసమ్మ ఉంది."

చంద్రయ్య గచ్చు మీద చతికిలబడ్డాడు. నాలుగు డబ్బాల్లోంచీ ఒక్కో టైలూ తీసి చూడటం మొదలుపెట్టాడు. ఎల్లమ్మ తల్లి దొరికితే చాలు. పోచమ్మ దొరికినా చాలు. యాటపోతును ఆరగించే తల్లి ఒక్కతి ఉన్నా, పొయ్యి ఎదురుగా ఆమెను నిలబెట్టుకుని ఆమె పేరు చెప్పి వండుకోవచ్చు. ఆఖరి టైలు దాకా వెతికాడు.

"ఇంతమందిల కూర తినేటోళ్లు ఒక్కరు గూడ లేరా!" అన్నాడు ఏడుపు గొంతుతో.

"అందరు పప్పన్నం దేవుళ్లే అన్నా," అన్నాడు మేస్త్రీ సానుభూతిగా.

"సరే, పెట్టెయ్," అన్నాడు చంద్రయ్య. పిల్లవాణ్ణి హాస్టల్లో దింపి వస్తున్నట్టుంది ఆయనకు.

పని పూర్తయ్యాక ఆదివారం వచ్చింది. చుట్టాలూ వచ్చారు. వంటింట్లోకి తొంగి చూసి దేవుళ్లకు దండాలు పెట్టుకున్నారు. టమాట పప్పు, బెండకాయ వేపుడు వడ్డించింది దుర్గాభవాని. జీవన్ రెండో ముద్ద దగ్గరే ఆగిపోయాడు.

"గిట్లయితే ఎట్లనే అన్నా? వచ్చే ఐతారం నుంచి మా ఇంట్లనే యాట. అందరు ఆడికే రాండ్రి!"

చంద్రయ్య కళ్లలో నీళ్లు తిరిగాయి. తమ్ముడంటే వీడూ! జీవన్ భార్య సుష్మ మాత్రం మొగుడి వైపు గుర్రుగా చూసింది.

ఆ మరుసటి ఆదివారం అందరూ చర్లపల్లిలో దిగారు. ముందు గదిలో మగవాళ్లు మూలుగ బొక్కలు చప్పరిస్తున్నారు. "సుష్మా, ఇంకింత షోర్వా తేమ్మా!" అని కేకేశాడు చంద్రయ్య.

దుర్గాభవాని ఖాళీ చెంబుతో వంటింట్లోకి వెళ్లింది. పొద్దున్నుంచీ పొయ్యి దగ్గరే నిలబడ్డ సుష్మ నడుము పట్టుకుని గోడకు ఆనుకుంది.

"నీ పానం నిమ్మలమైందక్కా. వారం వారం గిదంత నాతోని అయితదా?" అని కొంగుతో కళ్లు ఒత్తుకుంది.

దుర్గాభవాని వంటింటి గోడలను ఓసారి కలయజూసింది.

"మీ టైల్స్ గూడ పాతగైనయి," అంది గొంతు తగ్గించి. "జీవన్‌ను ఉప్పల్ల మా ఊరి అన్న దుకాణానికి పంపు. ఎల్లమ్మ, పోచమ్మ లేకుండ ఏరి డబ్బాల పెట్టుమని నేను ఫోన్ జేసి చెప్త. మాయి గూడ గట్లనే ఏరిపిచ్చిన."