మడమ చప్పుడు

దిగుడులో క్లచ్ పనిచేయక, గేరు తగ్గించలేక లోయలో పడ్డ జీపు అది. అన్న అందులోనే పోయాడు. దాన్ని ఇంటి ముందుకు లాక్కొచ్చిన రాత్రి, మెకానిక్ అయిన తమ్ముడు టార్చితో దాని కింద దూరాడు. లీకు ఎక్కడుందో వదినకు చెప్పాలి. అన్న బయల్దేరిన ఉదయం క్లచ్ గొట్టం నట్టు బిగించానన్నది ఈ తమ్ముడే.

“వదినా, పెడల్ నొక్కు.”

పెడల్ దిగింది. నొక్కిపట్టానని చెప్పడానికి అన్న ఎప్పుడూ తట్టినట్టే, మడమతో రెండు దెబ్బలు పడ్డాయి. వదులుగా ఉన్న నట్టులోంచి క్లచ్ ఆయిల్ చుక్క అతని నుదుటి మీద రాలింది.

“అన్న అలవాటు నీకూ అంటుకుందే!” అన్నాడు.

“ఏ అలవాటు అబ్బాయ్?” వదిన మాట ఇంటి గుమ్మంలోంచి వినిపించింది. “చెప్పులేసుకుని ఇప్పుడేగా వస్తున్నా. లీకు దొరికిందా?”

అతను టార్చి ఆర్పేశాడు.

పైన మడమ మళ్లీ రెండుసార్లు తట్టింది.